నర్సమ్మ నిద్ర

కాటేజీలో దిగినవాళ్ళు ఖాళీ చేసే రోజు తాళాలక్కకి ఊపిరాడని పని. ముందు కిటికీలన్నీ బార్లా తెరుస్తుంది. దుప్పట్లు, దిండుగలీబులు తీసి మూట కడుతుంది. కెటిల్లో మిగిలిన నీళ్ళు పారబోసి, చెత్తబుట్ట ఖాళీ చేసి, బాత్‌రూం గచ్చు రుద్ది, ఆఖరికి మోకాళ్ళ మీద వంగి మంచాల కింద చూస్తుంది, ఎవరు ఏం మర్చిపోయారోనని.

ఏదో ఒకటి మర్చిపోకుండా ఎవరూ వెళ్ళరు. ఫోను ఛార్జర్లు, ఒంటి సాక్సులు, పిల్లల బొమ్మలు, ఒకసారి పళ్ళ సెట్టు. ఆ ఇంట్లో ఇవే కాదు, వేరేవి కూడా మర్చిపోతుంటారు. ఒక లెక్చరరు తన దగ్గు మర్చిపోయి వెళ్ళాడు. అది వారం పాటు సోఫా వెనకాల ఖళ్ళు ఖళ్ళుమంటూ కూర్చుంది. కొత్తగా పెళ్ళయిన జంట ఒక అలక వదిలేసి వెళ్ళారు. ఫోన్ చేస్తే ఇద్దరూ నాది కాదంటే నాది కాదన్నారు. ఒక పెద్దాయన తన కుంటినడకని బాత్‌రూంలో వదిలేసి, చకచకా నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కాక గానీ గమనించలేదు.

"మీదొకటి మా దగ్గర ఉండిపోయిందండీ. పంపించమంటారా, వచ్చి తీసుకుంటారా?" అని అక్క ఫోన్ చేసి అడుగుతుంది. కొందరు పంపించమంటారు. కొందరు, "ఉండనివ్వమ్మా, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అంటారు. ఎవరిది ఏదైనా సరే, చెప్పకుండా మాత్రం ఉంచుకోదు. ఊళ్ళో ఆ పేరు ఉంది ఆవిడకి.

ఊరు పాతది, సంత ఇంకా పాతది. రాతిస్తంభాల సంత మండపం, దాని చుట్టూ బండలు పరిచిన చౌకు, వెనకాల సన్నటి సందు. ఆ సందులోనే కాటేజీ. ఒకప్పుడు తక్కెడలు చేసే ఆయన ఇల్లట. ఇప్పటి యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. తాళాలూ, శుభ్రం, చుట్టపక్కాల్లాగా వచ్చేపోయే జనం, అన్నీ అక్కవే. అక్క ఉండేది ఎదురింట్లో, తమ్ముడి ఇంటి మేడ మీద. తమ్ముడు బస్సు డ్రైవరు. వంతెన దగ్గర పల్లం దిగి, పక్క ఊళ్ళన్నీ తిరిగి వచ్చే బస్సు అతనిది.

అతనిది అనాలో, అతనిదిగా ఉండేది అనాలో ఆ రోజుల్లో ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్ళ కిందట, సరిగ్గా సంత రోజున, ఆ పల్లంలో బస్సుకి బ్రేకులు పోయాయి. కీచుమంటూ అరుస్తూ బండి కిందికి జారిపోతుంటే డ్రైవరు స్టీరింగు ఒక్కసారిగా తిప్పి, సంతకి దింపిన దూదిబస్తాల కుప్పలోకి తీసుకెళ్ళి గుద్దాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. అందరూ వచ్చి భుజం తట్టి శెభాష్ అన్నారు. అతను నవ్వి, ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నాడు. నిద్ర రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. కళ్ళు మూస్తే చాలు, చెవిలో ఆ కీచుచప్పుడు.

డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలకి ఒళ్ళు మొద్దుబారింది గానీ నిద్ర రాలేదు. మనిషి చిక్కి సగమయ్యాడు. మేడ మీద పడుకున్న అక్కకి, కింద తమ్ముడు గదిలో అటూ ఇటూ తిరిగే అడుగుల చప్పుడు తెల్లారే దాకా వినిపించేది. డిపో మేనేజరు మంచివాడే. సెలవు పొడిగించాడు, మళ్ళీ పొడిగించాడు. చివరికి మొహమాటపడుతూనే చెప్పేశాడు. "ఒకటో తారీఖుకి బండి ఎక్కలేకపోతే నిన్ను బస్సులు కడిగే షెడ్డుకి వెయ్యాల్సొస్తుంది. నిద్ర లేని మనిషి చేతిలో నేను బస్సు పెట్టలేను కదయ్యా."

అప్పుడొచ్చింది నర్సమ్మ. ప్రసూతి వార్డులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. లావుపాటి చేతులు, గట్టి గొంతు. ఒక్కతే వచ్చి, పగలంతా చౌకులో రాగిచెంబులు బేరమాడి, ఒక్కటీ కొనకుండా తిరిగొచ్చి, హాయిగా పడుకునేది. "నీ కాటేజీలో మంచం బాగుందమ్మాయ్" అని అక్కని మెచ్చుకుని సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక అక్క పరుపు మీది దుప్పటి లాగబోతే చెయ్యి బరువెక్కింది. దిండు పక్కన, పరుపు కొంచెం గుంట పడిన చోట, ఏదో వెచ్చగా, మెత్తగా, నానిన పిండిముద్దలా ఉంది. దాని మీద చెయ్యి పెట్టేసరికి అక్కకి మోచేతి దాకా తిమ్మిరెక్కి, పెద్ద ఆవులింత వచ్చింది. చటుక్కున చెయ్యి తీసేసుకుంది. నిద్ర! నర్సమ్మ తన నిద్ర ఇక్కడే వదిలేసి వెళ్ళింది.

ఫోన్ కోసం అటు తిరిగింది. అదే సమయానికి తమ్ముడు స్పానరు పట్టుకుని లోపలికొచ్చాడు, బాత్‌రూం కుళాయి కారుతోందంటే బిగించడానికి. బిగించాడు. "ఇంకేమైనా ఉందా అక్కా?" అంటూ, చెయ్యి తుడుచుకోవడానికి మంచం అంచున కూర్చున్నాడు. అంతే. స్పానరు చేతిలోంచి జారి గచ్చు మీద ఖంగుమంది. మనిషి పక్కకి ఒరిగి, మోకాళ్ళు ముడుచుకుని, గుర్రు పెట్టాడు.

అక్క ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎన్నాళ్ళయింది ఆ గురక విని! 'సాయంత్రం చేద్దాంలే' అనుకుని ఫోన్ కొంగున ముడేసుకున్నట్టు దాచేసి, వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

పొద్దు వాలాక అతను లేచాడు. మొహంలో కళ తిరిగొచ్చింది. "అదేంటక్కా, అలా పడిపోయాను? పిచ్చి కల కూడా వచ్చింది. ఎవరో పసిపిల్ల ఏడుస్తుంటే, నేను చేతులు కడుక్కుని పరిగెడుతున్నాను" అన్నాడు. ఇంటికి వెళ్ళాడు. ఆ రాత్రి ఇంట్లో షరా మామూలే, కన్ను మూతపడలేదు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ స్పానరు పట్టుకుని వచ్చాడు, అక్క మొహం వైపు చూడకుండా.

"ఆ కుళాయి ఇంకోసారి చూస్తానక్కా."

"చూడరా. నింపాదిగా చూడు" అంది అక్క, దిండు సర్దుతూ.

అతను పడుకున్న కాసేపటికే ఫోన్ మోగింది. నర్సమ్మ.

"అమ్మాయ్, నా నిద్ర అక్కడేమైనా ఉండిపోయిందా? రాత్రంతా ఇంటికప్పు చూస్తూ పడుకున్నాను. బ్యాగంతా వెతికాను, లేదు."

అక్క గది వైపు చూసింది. తమ్ముడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చిన్నప్పటిలాగే.

"లేదండీ. ఇక్కడేం కనపడలేదే" అంది.

అని, ఫోన్ పెట్టేసి, వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఇన్నేళ్ళలో ఎవరి గుండుసూదీ దాచుకోని మనిషి! ఆ రాత్రి తమ్ముడితోపాటు తనకీ నిద్ర లేదు. తెల్లారగానే వాడు మళ్ళీ స్పానరు పట్టుకుని కాటేజీకి వచ్చేశాడు.

బుధవారం పొద్దున బస్సు దిగి నర్సమ్మ తిన్నగా కాటేజీకి వచ్చేసింది. కళ్ళు మంకెనపువ్వుల్లా ఉన్నాయి. అక్క గడపకి అడ్డంగా నిలబడి ఏదో అనబోయింది. లోపల్నించి గురక వినిపించింది.

"ఎవరిదా గురక?" అంది నర్సమ్మ.

"మా తమ్ముడిదండీ."

"గురక అతనిదే అయ్యుంటుంది. నిద్ర మాత్రం నాది. నా నిద్ర నేను గుర్తుపట్టలేననుకున్నావా?"

అక్కని పక్కకి తప్పించి లోపలికి నడిచింది. మంచం దగ్గర ఆగింది. లేపడానికి చెయ్యి చాచింది. అతను పసివాడిలా రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని పడుకున్నాడు. ఆవిడ చెయ్యి అలాగే గాల్లో కాసేపుండి, వెనక్కి వచ్చేసింది. వంటగదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడింది.

"టీ పెట్టు. చిక్కగా."

అక్క టీ పెడుతుంటే వెనకనించి మొదలుపెట్టింది. గొంతు తగ్గించే తిట్టింది, పడుకున్నవాడు లేస్తాడని. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా పడుకున్నాను. ఇలా కన్ను మూస్తే అలా 'నర్సమ్మా రండి, నర్సమ్మా రండి' అని పిలుపు. ఇన్నాళ్ళకి కడుపు నిండా నిద్ర దక్కింది. అడిగితే కనపడలేదన్నావే! నోరెలా వచ్చింది నీకు?"

"తప్పయిపోయిందండీ." అక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. కొంగుతో తుడుచుకుంటూ, బస్సు సంగతి, బ్రేకుల సంగతి, డిపోవాళ్ళు పెట్టిన గడువు, అన్నీ చెప్పుకొచ్చింది. "వాడలా పడుకోవడం చూశాక నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చేసింది. పట్టుకెళ్ళండి. వాణ్ణి నేనే లేపుతాను."

"కూర్చో. ఎవరు లేపమన్నారు?" నర్సమ్మ టీ ఊదుకుంటూ ఆలోచించింది. "నా నిద్ర నేను ఇవ్వను. ఇచ్చినా అతనికి నప్పదు. కలలో పిల్లలు ఏడుస్తున్నారని చెప్పలేదూ?"

"చెప్పాడండీ."

"చెప్పకేం చేస్తాడు! నా నిద్రలో అన్నీ పురుళ్ళే." ఆవిడకి నవ్వొచ్చింది. అక్కకి కూడా, ఏడుపులోనే. "ఇదిగో అమ్మాయ్. అతని నిద్ర ఎక్కడికీ పోలేదు. దాని మీద ఆ కీచుచప్పుడు ఎక్కి కూర్చుంది. అది దిగాలి. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి వదిలిపోతున్నారే, మీ తమ్ముడు ఎప్పుడైనా ఇక్కడ దిగాడా?"

"వాడెందుకు దిగుతాడండీ? ఎదురిల్లేగా మాది."

"మరి! కుళాయి బిగించడానికి వచ్చినవాడు మర్చిపోతే స్పానరు మర్చిపోతాడు. బ్యాగు పట్టుకుని వచ్చి, ఉండి, వెళ్ళినవాళ్ళు కదా అలాంటివి మర్చిపోయేది."

ఆ ఇంటి తాళాలు ఇన్నేళ్ళు చేతిలో ఉంచుకుని కూడా అక్కకి అది తట్టనే లేదు.

మధ్యాహ్నం దాటాక డ్రైవరు లేచి వంటగది గుమ్మంలోకి వచ్చాడు. పరాయి మనిషిని చూసి తడబడ్డాడు. విషయం తెలిశాక చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్ళి, పరుపు మీది నిద్రని దిండు మీదికి ఎత్తి, రెండు చేతులతో ఆ దిండుని పొట్టకి ఆనించుకుని తెచ్చి, నర్సమ్మ ఒళ్ళో పెట్టాడు.

"మీదని తెలీదండీ. చాలా మంచి నిద్ర. ఒక్క చిరుగు కూడా లేదు" అన్నాడు.

నర్సమ్మ దిండుని గుండెకి హత్తుకుని పెద్దగా ఆవులించింది. "నేను ఆ చిన్నగదిలో పడుకుంటాను. నువ్వు ఇంటికెళ్ళి బ్యాగు సర్దుకుని రా బాబూ" అంటూ తూలుకుంటూ వెళ్ళిపోయింది.

అలా డ్రైవరు కాటేజీకి అతిథి అయ్యాడు. భార్య సూట్‌కేసులో రెండు జతల బట్టలు, తువ్వాలు, టూత్‌బ్రష్షు పెట్టి ఇచ్చింది. అతను దాన్ని మోసుకుంటూ సందు దాటుతుంటే, చెంబులమ్మే ముసలాయన కొట్లోంచి తల బయటపెట్టాడు.

"ఏం డ్రైవరూ, ప్రయాణమా?"

"అవును బాబాయ్."

"ఎంత దూరం?"

"ఎదురింటి దాకా."

"మంచిది. జాగ్రత్తగా వెళ్ళిరా" అని ముసలాయన తల లోపలికి లాక్కున్నాడు.

అక్క అందరికీ చేసినట్టే చేసింది. గుమ్మంలో ఎదురొచ్చి, "రండి రండి, దారిలో ఇబ్బందేం కాలేదు కదా?" అంది. గదులన్నీ చూపించింది. "ఎడమచేతి కుళాయిలో వేడినీళ్ళు రావు, కుడిచేతి దాంట్లో వస్తాయి. గట్టిగా తిప్పకండి."

"నేనే కదక్కా దాన్ని బిగించింది!"

"గెస్టువిరా నువ్వు. నోరు మూసుకుని విను."

మొదటి రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. పొద్దున లేచి మొహం వేలాడేసుకుంటే నర్సమ్మ గదమాయించింది. "మొదటి నొప్పికే పురుడొస్తే మాకింక పనేముంటుంది? లే. ఊరు చూడటానికి వచ్చావు. పద, చూద్దాం."

పుట్టి పెరిగిన ఊళ్ళో అతను ఆవిడ వెంట టూరిస్టులా తిరిగాడు. సంత మండపం పైకప్పుకి చెక్కిన చిలకల్ని మెడ నొప్పెట్టేదాకా చూశాడు. తను వాటి కిందినించే రోజూ డ్యూటీకి వెళ్ళేవాడు. చివరికి వంతెన పల్లం దగ్గరికొచ్చారు. అక్కడ అతని కాళ్ళు ఆగిపోయాయి. నర్సమ్మ పిట్టగోడ మీద చతికిలబడి, కొంగులోంచి వేరుశనగలు తీసి ఒలవడం మొదలెట్టింది. కాసేపటికి అతనూ పక్కన కూర్చున్నాడు.

"అందరూ బస్సు గురించే అడుగుతారండీ" అన్నాడు. "బస్తాల్లోకి ఎలా తిప్పావు, ఎంత స్పీడులో ఉంది అని. ఆగాక ఏమైందో ఎవరూ అడగలేదు."

"ఏమైంది?"

"వెనకనించి ఒక్క మాట లేదండీ. బస్సు నిండా జనం, ఒక్క కేక లేదు, ఏడుపు లేదు. అంతా పోయారనుకున్నాను. వెనక్కి తిరిగి చూడాలి. మెడ తిరగట్లేదు. చెవిలో ఆ బ్రేకు చప్పుడొక్కటే. ఎంతసేపు అలా కూర్చున్నానో నాకే తెలీదు. తర్వాత ఎవరో దగ్గారు. అప్పుడు తిరిగాను. అందరూ ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు." అతను చేతిలోని వేరుశనగకాయని నలిపేశాడు. "కళ్ళు మూస్తే మళ్ళీ అక్కడికే వెళ్ళిపోతున్నాను. ఇంకా తిరిగి చూడని దగ్గరికి."

నర్సమ్మ ఒలిచిన గింజలు అతని అరచేతిలో పోసింది.

"పుట్టగానే ఏడవని పిల్లలుంటారు" అంది. "తలకిందులుగా పట్టుకుని వీపు మీద తడతాం. తల్లి మన మొహంలోకి చూస్తుంటుంది. గదిలో చప్పుడుండదు. అదెంత పొడుగ్గా ఉంటుందో నాకు తెలుసు నాయనా."

"తర్వాత?"

"ఏడుస్తారు. చాలామంది ఏడుస్తారు."

అతను గింజలు నోట్లో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని, తలొంచుకుని, భుజాలు కదిలేలా ఏడ్చాడు. కింద పల్లంలో బస్సులు ఎక్కుతూ, దిగుతూ ఉన్నాయి. నర్సమ్మ కాయలు ఒలుస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున అతను సూట్‌కేసు మూసి, అక్కకి తాళం అప్పజెప్పి, సందు దాటి ఇంటికి వెళ్ళాడు. నర్సమ్మని ఆ పూటకి తమ ఇంట్లో ఉండిపొమ్మంది మరదలు. అక్క ఎప్పటిలాగే కిటికీలు తెరిచింది. దుప్పట్లు మూట కట్టింది. మోకాళ్ళ మీద వంగి మంచం కింద చీపురు పెట్టి గీరింది.

కీచుమంది.

అక్క ఇంకాస్త వంగి చూసింది. గోడవారగా, తుప్పుపట్టిన తీగముక్కలా సన్నగా ముడుచుకుని ఉంది. చీపురు తగిలిన ప్రతిసారీ సన్నగా కీచుమంటోంది. తువ్వాల్లో చుట్టినా అరుస్తుంటే, ఇంకో తువ్వాలు చుట్టి, అలమారలో పెట్టి తాళం వేసింది. ఒక్క పరుగున సందు దాటి ఎదురింటి తలుపు తట్టింది.

మరదలు తలుపు ఓరగా తీసింది. వేలు పెదాల మీద పెట్టుకుని ఉంది. చెంపల మీద తడి.

"వదినా, మెల్లగా" అని గుసగుసలాడింది. "బూట్లు విప్పుకుంటానని కుర్చీలో కూర్చున్నారు. ఒక బూటు విప్పారు. రెండోది ఇంకా కాలికే ఉంది."

అక్క తలుపు సందులోంచి చూసింది. తమ్ముడు తల వెనక్కి వాల్చి పడుకున్నాడు. పక్కన కుర్చీలో నర్సమ్మ, ఆ దిండు ఒళ్ళో పెట్టుకుని, తన నిద్ర తను పోతోంది. అక్క గుమ్మంలోనే మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ రోజంతా, ఆ రాత్రంతా అతను లేవలేదు. శనివారం ఒకటో తారీఖు. తెల్లారగానే స్నానం చేసి, యూనిఫాం వేసుకుని వాకిలి మెట్లు దిగుతుంటే అక్క ఎదురెళ్ళింది. ఎవరినైనా అడిగినట్టే అడగాలి.

"నీదొకటి కాటేజీలో ఉండిపోయిందిరా. తెచ్చివ్వనా?"

అతను చొక్కా బొత్తాం పెట్టుకుంటున్నవాడు ఆగాడు. దూరంగా ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు తల పక్కకి వంచాడు. ఏమీ వినపడలేదేమో, బొత్తాం పెట్టేసుకున్నాడు.

"ఇప్పుడొద్దక్కా. కావాలనిపిస్తే నేనే వచ్చి తీసుకుంటాను. బండికి టైమవుతోంది."

కొత్తవాళ్ళు మధ్యాహ్నానికి దిగుతారు. అక్క కాటేజీలో పక్కలు వేస్తుండగా సందు చివర హారన్ వినిపించింది. చేతిలో దిండుగలీబు చేతిలోనే ఉంది, పరుగెత్తుకెళ్ళి చౌకు మలుపులో నిలబడింది. బస్సు వచ్చింది. ముందు సీట్లో నర్సమ్మ, కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని గాఢనిద్రలో ఉంది. అక్క తమ్ముడికి చెయ్యి ఊపబోయి ఆగింది. అతను అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదే కళ్ళు పెట్టుకుని, గేరు మార్చి, పల్లంలోకి దింపాడు.

బస్సు మెత్తగా దిగిపోయింది. వంతెన దాటి అవతలి గట్టెక్కిందాకా చూసి, అక్క దిండుగలీబు దులుపుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది.